నాలుగో పీట

గిబ్బన్ పక్కటెముకల సందుల్లోంచి బాతు ఈకల కుంచెను నెమ్మదిగా లాగి, అంటిన దుమ్మును తడిగుడ్డకేసి తుడిచి, ఆమోస్ ఒరాంగుటాన్ దగ్గరికి జరిగాడు. సోమవారం మ్యూజియానికి సెలవు. గాజుపెట్టెల తాళాలు తీసి లోపల దులిపేది ఆ ఒక్కరోజే. బయట జులై చలి. ఈ దక్షిణ దేశంలో జులై అంటే నడి చలికాలం. వీధి మలుపులో ట్రాము తిరిగినప్పుడల్లా నేల సన్నగా అదిరేది, పెట్టెలో నిలబడ్డ ఐదు అస్థిపంజరాల దవడలూ ఒక్కసారిగా టకటకలాడేవి. కొత్తగా చేరిన పనివాళ్ళు ఆ చప్పుడుకు హడలిపోయి నెల తిరక్కుండానే మానేసేవారు. ఆమోస్ మాత్రం పొరుగింటివాళ్ళు పలకరించినట్టే తల ఊపి తన పని తాను చేసుకునేవాడు.

మనిషి పొడుగు. అరవై దాటాక భుజాలు ముందుకు వాలాయి గానీ ఎముక గట్టిది. మీసాలు పూర్తిగా తెల్లబడ్డాయి. నాఫ్తలీన్ ఉండలు పట్టీ పట్టీ వేళ్ళ కొసలు పొడిబారి పగిలాయి. ఒంటి మీద గోధుమరంగు పనికోటు. అది మ్యూజియం పెద్ద డాక్టర్ పెరిన్ తన పాతది ఇచ్చాడు. చేతులు పొట్టి, ముంజేతుల దాకానే వస్తాయి. ఎడమ జేబులో తడిగుడ్డ, కుడి జేబులో కుంచె. ఏళ్ళ తరబడి ఆ బరువుకు జేబులు సంచుల్లా సాగిపోయాయి. ఈమధ్య దగ్గు వస్తే గోడ పట్టుకుని నిలబడాల్సి వస్తోంది. అది పోయేదాకా ఆగి, రుమాలు చూసుకోకుండానే మడిచి లోపల పెట్టుకుంటున్నాడు.

పోర్ట్ కెల్లాన్‌లో ఆ పెట్టెను అందరూ 'వరస' అంటారు. స్కూలు పిల్లలు వచ్చినా, ఓడ దిగిన పెద్దమనుషులు వచ్చినా ముందు అక్కడికే తీసుకెళతారు. మెట్లు మెట్లుగా ఐదు పీటలు. మొదటి పీట మీద గిబ్బన్, దానికంటే ఎత్తులో ఒరాంగుటాన్, ఆపైన గొరిల్లా. నాలుగో పీట మీద మా నది దిగువ మనిషి ఒకాయన. ఐదో పీట మీద ఎవరో తెల్ల నావికుడు. నావికుడు పొట్టివాడు, కింద నిలబెడితే నాలుగో ఆయన చెవి దాకా కూడా రాడు. అందుకే వడ్రంగి చేత ఐదో పీట మరీ ఎత్తుగా కొట్టించారు. మనిషి మెట్టు మెట్టూ ఎలా ఎక్కివచ్చాడో చూడండి, అని డాక్టర్ పెరిన్ కర్రతో చూపిస్తాడు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఆ ఎక్కడంలో సగం వడ్రంగి పనే కదా అని ఎవరూ అడగరు.

నాలుగో పీటకు అంటించిన చీటీ మీద 'పురుషుడు, నది దిగువ ప్రాంతం' అని మాత్రమే ఉంది. ఆ పురుషుడు ఆమోస్‌కు మేనమామ.

మా వాళ్ళలో పోయినవాళ్ళ పేరు పలకం. పలికితే వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు, పోవలసిన దారి తప్పి ఇక్కడే ఉండిపోతారు. సొంత ఇసుకలో పడుకోబెట్టి, పచ్చి ఆకుల పొగ వేసి సాగనంపేదాకా ఆ భయం ఉంటుంది. అందుకే ఇన్నేళ్ళలో ఆమోస్ ఆ పెట్టె ముందు మేనమామ పేరు ఒక్కసారి కూడా పలకలేదు. మనసులో అనుకోవడానికి కూడా జంకేవాడు.

ఆమోస్ కుర్రాడుగా ఉన్నప్పుడు మేనమామకు కడుపునొప్పి వస్తే మిషన్ దొర ఆయన్ని నగరం ఆస్పత్రికి పంపాడు. శవపేటిక తిరిగి వచ్చింది. మోసినవాళ్ళకు లోపల ఏదో జరజరా జారుతున్నట్టు తెలిసింది. మనిషి అలా జారడు, ఇసుక జారుతుంది. కానీ ఎదురుగా మిషన్ దొర బైబిలు చదువుతుంటే ఎవరు నోరెత్తుతారు? మింగలేక కక్కలేక పాతిపెట్టేశారు. చాలా ఏళ్ళ తర్వాత, రేవులో ఉన్ని మూటలు మొయ్యడానికి వచ్చిన ఆమోస్, వాన పడుతుంటే ఉచితమే కదా అని మ్యూజియంలోకి దూరాడు. నాలుగో పీట మీద నిలబడ్డవాడి కుడి ముంజేయి కొద్దిగా వంకర. ఆ చెయ్యి గుర్రం తన్నితే విరిగింది. చెట్టు బెరడు కట్టి దాన్ని అతికిస్తున్నంతసేపూ పక్కన కూర్చుని నీళ్ళు తాగించింది ఆమోసే. వాన వెలిసినా ఆయన అక్కడినుంచి కదలలేదు. మర్నాడు వచ్చి, ఊడ్చే పని ఏమైనా ఉందా అని అడిగాడు.

అప్పట్లో కింది గదిలో వెబర్ అనే ముసలి జర్మను ఎముకలకు ప్లాస్టర్ అచ్చులు తీసి పరాయి దేశాల మ్యూజియాలకు పంపేవాడు. ఆమోస్ ఆయనకు ప్లాస్టర్ కలిపిపెట్టేవాడు, ఆరిన అచ్చుకు టీ డికాక్షన్ పూసి ఎముక రంగు తెప్పించేవాడు. ఆ పని చేతికి వచ్చాక, దులిపే రోజున మేనమామ ఎముక ఒకటి ఊడదీసి, దాని చోట ప్లాస్టర్‌ది తీగతో కట్టడం మొదలుపెట్టాడు. అసలుది రొట్టెల డబ్బాలో అడుగున పెట్టుకుని క్రిస్మస్ సెలవులకు నదికి తీసుకెళ్ళేవాడు. మూడో కంటికి తెలియదు. వెబర్‌కు తెలిసిందో లేదో చెప్పలేం. ఒకరోజు మాత్రం తలెత్తకుండానే "టీ ఇంకాస్త చిక్కగా కాచు" అన్నాడు, అంతే.

ఆ వెబరే ఒకసారి మెట్ల దగ్గర వేలాడే పటం చూపించి, జీవుల పుట్టుక గురించి పుస్తకం రాసిన గడ్డం పెద్దాయన సంగతి చెప్పాడు.

"ఈయన నిచ్చెన అనలేదోయ్, చెట్టు అన్నాడు. కొమ్మకు కొమ్మ చుట్టం, అంతే. ఏ కొమ్మా ఇంకో కొమ్మకు పైఅధికారి కాదు. నిచ్చెన వేసింది తర్వాత వచ్చినవాళ్ళు, తామెక్కి కూర్చోడానికి."

ఆమోస్‌కు అందులో వింత ఏమీ కనబడలేదు. మాలో ప్రతి వంశానికీ ఒక జీవి చుట్టం. ఆమోస్ వాళ్ళకు గూడబాతు. గిబ్బన్ కూడా దూరపు చుట్టమే అంటే ఆయనకు అభ్యంతరం లేదు. చుట్టాన్ని గాజుపెట్టెలో నిలబెట్టడమే ఆయనకు బోధపడలేదు.

వెబర్ పోయాడు. ఏళ్ళు గడిచాయి. నది ఒడ్డున ఇసుకదిబ్బలో పాదాలు, కాళ్ళు, నడుము, చేతులు వాటి వాటి చోట్లకు చేరుకున్నాయి. ఇప్పుడు మేనమామ అక్కడ మెడ దాకా ఉన్నాడు. తల మాత్రం ఇక్కడ, గాజులోంచి తలుపు వైపు చూస్తూ ఉంది. తల చేరితే గానీ పొగ వేయడానికి లేదు. డాక్టర్ పెరిన్ మాటిమాటికీ కొలిచేది తలనే గనక ఆమోస్ దాన్ని చివరికి వదిలాడు. ప్లాస్టర్ తొడ ఎముకల సంగతి మాత్రం డాక్టర్ పసిగట్టలేదు. వాటిని శ్రద్ధగా కొలిచి ఇంగ్లండుకు వ్యాసం పంపాడు, అది అచ్చయింది కూడా.

ఆమోస్ గొరిల్లా వీపు దులుపుతుండగా డాక్టర్ పెరిన్ వచ్చాడు. మంచివాడే, చిక్కంతా అక్కడే ఉంది. జేబులోంచి దగ్గు బిళ్ళల పొట్లం తీసి చేతిలో పెట్టాడు.

"ఎలా ఉంది దగ్గు?"

"మాట వినట్లేదండీ."

"రేపు పొద్దున్నే ఆస్పత్రి బండి ఇక్కడికే వస్తుంది. మంచం చెప్పి ఉంచాను, కిటికీ పక్కది. నువ్వేం బెంగపెట్టుకోకు."

"ఎందుకండీ మీకంత శ్రమ. మా నది దగ్గరికి పోతాను."

"ఆ చిత్తడిలో ఏముందోయ్? వారం కూడా బతకవు. ఇక్కడైతే చివరిదాకా నేను చూసుకుంటాను. నీలాంటివాడు మళ్ళీ దొరకడు."

ప్రేమగానే అన్నాడు. అంటూ, అలవాటు చొప్పున ఆమోస్ తల వెనక అరచెయ్యి ఆనించాడు. ఆ తలను ఇనుప కొలబద్దలతో ఎన్నిసార్లు కొలిచాడో ఆయనకే తెలియదు. చెయ్యి వెచ్చగా ఉంది. ఆ కిటికీ పక్క మంచం గురించి ఆమోస్‌కు తెలుసు. మేనమామను పడుకోబెట్టింది కూడా ఆ ఆస్పత్రిలోనే.

"మీ నదివాళ్ళలో కల్తీ లేనివాడివి నువ్వొక్కడివే మిగిలావు, తెలుసా?" అన్నాడు డాక్టర్.

"మా మేనకోడలు లెట్టీ ఉంది కదండీ. దాని చెల్లెళ్ళున్నారు, పిల్లలున్నారు."

"వాళ్ళు లెక్కలోకి రారులే."

పెట్టె తలుపు తెరిచే ఉంది. డాక్టర్ నాలుగో పీట వైపు వంగి పక్కటెముక మీద వేలు రాసి చూపించాడు. వేలికి తెల్లటి పొడి అంటింది.

"చూశావా? ఎముక సున్నంలా రాలిపోతోంది. ఈ తేమకు ఆగట్లేదు. రేపు డూలన్ చేత దీన్ని దింపించేస్తాను. కొత్తది వచ్చేలోపు నిలబెట్టే కడ్డీ తయారుగా ఉంచమన్నాను. ఎత్తు దాదాపు నీ అంతే ఉంటుంది. వాడికి కాస్త కొలత ఇవ్వు."

ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడతారని లోకం అంటుంది. అది దుర్మార్గుల గురించి చెప్పిన మాట. ఆమోస్ ఏ పాపమూ ఎరగడు. మేనమామను ముక్క ముక్కగా ఇంటికి చేర్చాడు; చేర్చి చేర్చి నాలుగో పీట ఖాళీ చేశాడు. ఆ ఖాళీ ఇప్పుడు తన వైపు తిరిగి నోరు తెరిచింది. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

డూలన్ ఐరిష్ వడ్రంగి. చెయ్యి ఆడినంతసేపూ నోరూ ఆడుతుంది.

"గోడకు ఆనుకో ఆమోసూ. నిటారుగా. అబ్బ, ఏం పొడుగయ్యా బాబూ! నీకు ప్యాంట్లు కుట్టేవాడు దివాలా తీస్తాడు." చెక్కబద్ద నెత్తిన ఆనించి గోడ మీద సుద్దతో గీత గీశాడు. తర్వాత మెడ వెనక బొటనవేలితో తడిమాడు. "కొక్కెం ఇదిగో, ఇక్కడికి రావాలి."

"ఎవరు వస్తున్నారట?" అన్నాడు ఆమోస్.

"ఎవడో కొత్తోడు. ఇంకా రాలేదట, తొందర్లోనే వస్తాడట. సరిగ్గా నీ ఎత్తేనని డాక్టరుగారు..."

మాట అక్కడ ఆగిపోయింది. డూలన్ గోడ మీది గీత వైపు చూశాడు. గీత కింద నిలబడ్డ మనిషి వైపు చూశాడు.

"ఆమోసూ..."

"గీత సరిగ్గా పడిందా?"

"పడింది."

"అయితే చేసుకో అయ్యా. నీ పని నువ్వు చేస్తున్నావు."

డూలన్ సుద్దను జేబులో వేసుకున్నాడు, తీశాడు, మళ్ళీ వేసుకున్నాడు. చివరికి నేల వైపు చూస్తూ అన్నాడు:

"వెనక తలుపు ఇవాళ నేనే వేస్తాను. వేసేముందు లోపల ఎవరున్నారు, ఎవరు లేరు అని చూసే అలవాటు నాకు లేదు. మా ఆవిడ ఎప్పుడూ తిడుతుంటుంది."

మధ్యాహ్నం డాక్టర్ భోజనానికి వెళ్ళాడు. కింద డూలన్ ఇనుము రాపాడిస్తున్న చప్పుడు మాత్రమే వినబడుతోంది. వెబర్ మేనమామ తలకే అచ్చు తీసి వదిలిపోయిన ప్లాస్టర్ తల ఒకటి అలమర వెనక గుడ్డలో చుట్టి ఉంది. దవడ చిట్లిందని ఎవరికీ పంపలేదు దాన్ని. ఆమోస్ ఎప్పుడో ఆ చిట్లు పూడ్చి, డికాక్షన్ పూసి సిద్ధం చేసుకున్నాడు. ఇవాళ కాకపోతే ఇక లేదు. రేపు డూలన్ వరసలోంచి దింపితే తల డాక్టర్ బల్ల సొరుగులోకి పోతుంది, తాను బండిలోకి పోతాడు.

స్టూలు ఎక్కాడు. పెట్టె వెనక అద్దంలో తన ముఖం సరిగ్గా మేనమామ ముఖం మీద పడింది. తన కళ్ళున్నచోట గుంటలు కనబడ్డాయి. ఒక్క క్షణం ఎవరు ఎవరిని దులపడానికి వచ్చారో తెలియలేదు. కళ్ళు మూసుకుని, వేళ్ళతో వెతికి తీగ విప్పాడు. తల రెండు చేతుల్లోకి వచ్చింది.

ఇన్నేళ్ళూ దాన్ని కుంచెతోనే ముట్టుకున్నాడు. చేత్తో పట్టుకోవడం ఇదే మొదటిసారి. కానీ చేతులకు అది కొత్త కాదు. చిన్నప్పుడు నదికి వరద వస్తే మేనమామ భుజాల మీద కూర్చుని, పడిపోకుండా ఈ తలనే రెండు చేతులా పట్టుకునేవాడు. చెవుల పైన చిన్న గట్టులా ఉండేది. ఇప్పుడు వేళ్ళు తమంతట తామే పోయి అక్కడ కుదురుకున్నాయి. అప్పుడు ఆ తలకు జుట్టు ఉండేది. పొగ వాసన, చేపల వాసన వేసేది. ఆమోస్ స్టూలు మీద నిలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

అప్పుడు వీధిలో ట్రాము లేదు. అయినా పెట్టెలో నాలుగు దవడలు టకటకలాడాయి. ఐదోది ఆమోస్ చేతుల్లో కదలకుండా ఉంది.

"ఇంటికి పోదాం," అన్నాడు పేరు పెట్టి పిలవకుండా. ప్లాస్టర్ తలను దాని చోట తీగతో బిగించి, అసలుదాన్ని గుడ్డలో చుట్టాడు.

మూడు గంటలకు వెనక తలుపు దగ్గరికి లెట్టీ వచ్చింది. ఆమోస్ చెల్లెలి పెద్దకూతురు, మా అమ్మకు అక్క. నగరంలో ఒక హోటల్లో బట్టలు ఉతికే పని. సోమవారం సోమవారం మ్యూజియం తువ్వాళ్ళు కూడా ఆమే పట్టుకెళ్ళేది. నడుం మీద పెద్ద వెదురుబుట్ట, దానికి తగ్గ నోరు.

"ఏం మావయ్యా, ముఖం అలా పీక్కుపోయింది? ఏమైనా తిన్నావా లేదా?"

"బుట్ట కింద పెట్టు."

గుడ్డమూటను బుట్టలో దించాడు. లెట్టీ అడగలేదు. అడగాల్సిన పని లేదు. తల మీది గుడ్డ సరిచేసుకుని, కాసేపు చేతులు కట్టుకుని నిలబడి, తర్వాత తువ్వాళ్ళు మెత్తగా మీద పరిచింది.

"పోయిన వారం అడిగిన అనుమతి చీటీ దొరికిందా?"

"ఇద్దరికీ రాయించా. మనవాళ్ళు ఊరు దాటాలంటే ఆ ఆఫీసు దొర దయ కావాలి కదా! ఆఫీసులో నన్ను పొద్దున్నంతా నిలబెట్టాడు. నేనూ ఆయన నెత్తిమీది బట్టతలను రెప్ప వెయ్యకుండా చూస్తూ నిలబడ్డా. చివరికి భరించలేక సంతకం గీకి పారేశాడు."

ఆమోస్ నవ్వాడు. నవ్వు దగ్గుగా మారింది. ఈసారి చాలాసేపు ఆగలేదు.

"లెట్టీ, ఒక మాట. దారిలో నేను పోయినా నన్ను మధ్యలో దింపనివ్వకు. దింపారంటే నగరానికి కబురు పెడతారు, తిరిగి ఇక్కడికే తెస్తారు."

"చాల్లే, చావు కబుర్లు. నిన్ను మోసే ఓపిక నాకు లేదు. నడిచి దిగు."

"లెట్టీ."

ఆమె ఆయన కళ్ళలోకి చూసింది.

"సరే మావయ్యా. దింపనివ్వను."

గాజుపెట్టె పక్కన డూలన్ కొత్త కడ్డీని నిలబెట్టి వెళ్ళాడు. బరువైన ఇనుప దిమ్మ మీద సన్నటి నిలువు కడ్డీ, పైన మెడ ఎత్తులో కొక్కెం. ఆమోస్ దాని పక్కకు వెళ్ళి నిలబడ్డాడు. కొలత సరిపోయింది. డూలన్ పనిలో వంక పెట్టడానికి ఉండదు. కోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పి, దులిపి, దాన్ని ఆ కొక్కేనికి తగిలించాడు.

"వాళ్ళది వాళ్ళకి," అన్నాడు లెట్టీతో. "మనది మనకి."

రైలు నాలుగింటికి బయలుదేరింది. వెనక పెట్టెలో చెక్క బల్లలు, తలుపు సందుల్లోంచి చలిగాలి. లెట్టీ బుట్టను ఒళ్ళో పెట్టుకుంది. ఆమోస్ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఊరు వెనకపడింది, గోధుమ చేలు వచ్చాయి, ఆ తర్వాత ఉప్పునేలలు వచ్చాయి. అక్కడ నీళ్ళు నిలిచిన చోట తెల్లటి గూడబాతుల గుంపు ఉంది. రైలు చప్పుడుకు బరువుగా లేచి, వరస కట్టకుండా, ఎవరికి తోచిన ఎత్తులో వాళ్ళు తూర్పుకు తిరిగాయి.

"మనవాళ్ళే," అన్నాడు ఆమోస్.

"మనకంటే ముందే చేరేట్టున్నారు."

"వచ్చేశామా?"

"ఇంకా లేదు మావయ్యా. కాస్త కన్ను మూసుకో."

ఆయన తల ఆమె భుజం మీద వాల్చాడు.

జంక్షన్‌లో రైలు చాలాసేపు ఆగింది. పొద్దు వాలుతోంది. గార్డు లాంతరు పట్టుకుని పెట్టెలోకి ఎక్కాడు. మా వాళ్ళు కూర్చున్న బల్ల దగ్గరికే నేరుగా వచ్చాడు.

"చీటీలు."

లెట్టీ రెండూ అందించింది.

"ఈ ముసలాయన ఎవరు?"

"మా మావయ్య."

"లేపు."

"పడుకోనివ్వండి బాబూ. వారం నుంచి దగ్గుతో కంటి మీద కునుకు లేదు. ఇప్పుడే పట్టింది నిద్ర."

గార్డు లాంతరు ఎత్తాడు. ముసలాయన టోపీ ముక్కు దాకా దించి ఉంది. "పేరేంటి?"

లెట్టీ నోరు తెరిచింది. పుట్టినప్పటి నుంచీ ఎరిగిన పేరు. అది నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె పళ్ళు బిగించి దాన్ని వెనక్కి మింగింది.

"మావయ్య," అంది మళ్ళీ.

"మావయ్యా లేదు, కాకరకాయా లేదు. నేనడిగింది పేరు."

"చీటీలో రాసుంది కదండీ, మీరే చూసుకోండి. పైకి మాత్రం చదవకండి బాబూ, మీకు పుణ్యం ఉంటుంది. లేస్తాడు."

ఆమె గొంతులో ఏముందో గానీ గార్డు రెట్టించలేదు. పెదాలు మాత్రం కదుపుతూ లోపలే చదువుకున్నాడు. "బుట్టలో ఏంటి?"

"హోటలు తువ్వాళ్ళు."

"అంత దూరం తువ్వాళ్ళా?"

"ఉతకడానికి నీళ్ళు కావద్దా? నది అక్కడుంది మరి."

గార్డు ముక్కుతో నవ్వి చీటీలు తిరిగి ఇచ్చాడు. "గట్టి నిద్రే ముసలాయనది," అని పక్క పెట్టెలోకి వెళ్ళిపోయాడు.

రైలు కదిలాక లెట్టీ పక్కకు తిరిగి తన మేనమామ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. ఉప్పునేలలు దాటకముందే అది చల్లబడిపోయింది. అప్పుడే ఆమెకు తెలిసింది. టోపీ ముందుకు లాగింది, తన శాలువా ఆయన భుజాల చుట్టూ కప్పింది, అంతే. ఏడిస్తే పక్క బల్లవాళ్ళు చూస్తారు. అందుకని ఏడవలేదు, మాట్లాడింది. ఊళ్ళో ఎవరి పడవకు చిల్లు పడిందో, ఎవరి పిల్లకు పళ్ళు వస్తున్నాయో, నోటికొచ్చిన కబురల్లా చెబుతూ కూర్చుంది. పోయినవాళ్ళకు దారి తెలియాలంటే తెలిసిన గొంతు వినబడుతుండాలి. ఒక మేనమామ భుజం మీద, తల్లి మేనమామ ఒళ్ళో. ఆమె ఇద్దరికీ కలిపి చెప్పింది.

చీకటి పడుతుంటే కిటికీ గాజు అద్దంలా మారింది. అందులో ముగ్గురు కూర్చుని కనబడ్డారని మా పెద్దమ్మ చెప్పేది. మూడో ఆయన పొడుగ్గా ఉన్నాడట, కుడి ముంజేయి కొద్దిగా వంకరట. తిరిగి చూడాలనిపించినా ఆమె చూడలేదు. మాట ఆపకుండా చెబుతూనే ఉందట.

చిన్న స్టేషన్లో మా వాళ్ళు గుర్రబ్బండితో ఎదురుచూస్తున్నారు. లెట్టీ పేరు పెట్టి పిలవకుండా "మావయ్యను దించండి" అనగానే అందరూ టోపీలు తీశారు. తెల్లవారేసరికి ఇసుకదిబ్బ మీద పనంతా అయిపోయింది. మెడ దాకా ఉన్నాయనకు తల చేరింది. ఆయన పక్కనే పొడుగాటి మనిషికి సరిపడా చోటు తవ్వారు. రాయి పెట్టలేదు, శిలువ పెట్టలేదు. గుర్తు పెడితే గదా తవ్వుకుపోవడానికి వస్తారు. పచ్చి కొమ్మలు నిప్పు మీద వేశారు. పొగ తెల్లగా, దట్టంగా లేచి, నీళ్ళ మీదికి వంగి, గూడబాతులు మేసే వైపు సాగిపోయింది. లెట్టీ అప్పుడు ఏడ్చింది, ఊరంతా వినబడేట్టు.

పొగ వేశాక, ఏళ్ళు గడిచాక పేరు మళ్ళీ నోటికి రావచ్చు. అందుకే ఆమోస్ అని నేను ఇలా రాయగలుగుతున్నాను.

ఆ పొద్దున ఆస్పత్రి బండి వచ్చిన సంగతి తర్వాత డూలన్ మా పెద్దమ్మకు చెప్పాడు. డాక్టర్ పెరిన్ లోపలికి వచ్చేసరికి హాల్లో తెరలు ఇంకా తీయలేదు. గాజుపెట్టె పక్కన గోధుమరంగు కోటులో పొడుగాటి ఆకారం నిలబడి ఉంది.

"ఆమోస్," అని పిలిచాడు డాక్టర్. "బండి వచ్చింది, పద."

"ఆమోస్, నీతోనే." రెండడుగులు దగ్గరికి వేసి, ఈసారి గట్టిగా, పై అంతస్తు దాకా మోగేట్టు మూడోసారి పిలిచాడు. వీధిలో ట్రాము తిరిగింది. పెట్టెలో దవడలు టకటకలాడాయి. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ వేళకు నది మీద పొగ పోవలసినంత దూరం పోయింది.

డాక్టర్ చెయ్యి చాచి, అలవాటు చొప్పున, తల వెనక అరచెయ్యి ఆనించబోయాడు. చేతికి చల్లటి ఇనుము తగిలింది. కొక్కేనికి వేలాడుతున్న కోటు ఒకసారి అటూ ఇటూ ఊగి ఆగింది. దాని చేతులు పొట్టి. సాగిపోయిన కుడి జేబులోంచి బాతు ఈకల కుంచె బయటికి కనబడుతోంది, శుభ్రంగా దులిపి పెట్టి ఉంది.